ఓట్స్‌నీ బేకన్‌నీ ఇంట్లోనే తూచి పోల్చుకోవడం ఎలా?

"ఓట్స్ మంచివా, బేకన్ మంచిదా?" అనే ప్రశ్న నాకు రెండు వైపుల నుంచి వస్తూనే ఉంటుంది. బేకన్ అంటే ఉప్పు పట్టించి నిలవ చేసిన పంది మాంసం స్లైసులు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచి ఇంటికెళ్ళి ఓట్స్ తినేవాళ్ళు ఒకవైపు. వీళ్ళలో చాలామందికి షుగరో బీపీయో ఉంటుంది, డాక్టరు చెప్పారని మొదలుపెట్టి ఉంటారు. జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు, ఓడల్లో పనిచేసి సెలవులకి ఇంటికొచ్చినవాళ్ళు ఇంకోవైపు. ఓడ మెస్‌లో పొద్దున్నే బేకన్, గుడ్లు తినడం అలవాటైపోయి, వైజాగ్ వచ్చాక కూడా పెద్ద సూపర్‌మార్కెట్ల ఫ్రీజర్లలో వెతుక్కుంటారు. "అక్కా, బేకన్‌లో 100 గ్రాములకి 37 గ్రాముల ప్రోటీన్ ఉంది, వండిన ఓట్స్‌లో రెండున్నరే. ఇంట్లో మాత్రం ఓట్స్ తినమంటున్నారు" అని ఒక అబ్బాయి ఫోన్‌లో రెండు పట్టికలు చూపించాడు. అంకెలు రెండూ నిజమే, పోలికే తప్పు.

ఓట్స్ ఉడికితే నీళ్ళు పీల్చుకుని ఐదారు రెట్ల బరువవుతాయి. బేకన్ వేగితే నీరు, కొవ్వు పోయి పచ్చి బరువులో మూడో వంతుకి పడిపోతుంది. ఒకటి ఉబ్బుతుంది, ఒకటి కుంచించుకుపోతుంది. అందుకని రెంటినీ "100 గ్రాములకి ఇంత" అని పక్కపక్కన పెడితే ఏ జవాబు కావాలంటే ఆ జవాబు రప్పించుకోవచ్చు. మీ పళ్ళెంలోకి వచ్చినంతే తూచి పోల్చాలి. మొత్తం గంట పని. ఒక ఆదివారం పొద్దున్న పెట్టుకోండి.

కావలసినవి

– వంటింటి డిజిటల్ తూకం, 1 గ్రాము తేడా చూపించేది.
– సాదా ఓట్స్ ప్యాకెట్, బేకన్ ప్యాకెట్. డబ్బాలో పోసేసుకుని ప్యాకెట్లు పారేయకండి, అసలు పని వాటితోనే.
– పెనం, గిన్నె, పట్టకారు, ఖాళీ స్టీలు గ్లాసు.
– పెన్ను, కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్.
– ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే అదీ.

తూకం లేకపోయినా ఆగిపోనక్కర్లేదు. 400 గ్రాముల ఓట్స్ ప్యాకెట్‌ని ఒకే గరిటెతో కొలుచుకుంటూ ఎన్ని గరిటెలు వచ్చాయో లెక్కపెట్టండి, 400ని ఆ సంఖ్యతో భాగిస్తే గరిటె బరువు తెలుస్తుంది. బేకన్ ప్యాకెట్ నికర బరువుని లోపలున్న స్లైసులతో భాగించండి. కాస్త అటూ ఇటూ అయినా పనికొస్తుంది.

బేకన్ కొని తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ద్వారకానగర్‌లో కొని గాజువాక దాకా స్కూటర్ మీద మామూలు సంచిలో తేవద్దు, మన ఎండకీ ఉక్కకీ దారిలోనే కరిగిపోతుంది. వేడి తగలని సంచి పట్టుకెళ్ళండి, ఆ షాపు పని ఆఖరున పెట్టుకోండి. గడ్డకట్టినదాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, వంటింటి గట్టు మీద కాదు. ఓట్స్‌కి ఉన్న బాధ వేరు. వాటిలో కొవ్వు బియ్యంలో కంటే చాలా ఎక్కువ, సముద్రపు గాలికి తేమ తగిలితే మెత్తబడి ముక్కిన వాసన వేస్తాయి. మూత గట్టిగా బిగిసే డబ్బాలో పెట్టండి. వాసన వచ్చినవి పారేయండి.

1. ముందు మీ ప్రశ్న రాసుకోండి

"ఏది మంచిది" అన్న ప్రశ్నకి లెక్క కుదరదు. ప్రోటీన్ కోసమా, బరువు తగ్గడానికా, బీపీ కోసమా, కొలెస్ట్రాల్ కోసమా, షుగర్ కోసమా? కాగితం పైన ఒక్క మాటలో రాయండి. ఇంట్లో ఇద్దరికి ఇద్దరి అవసరాలుంటే రెండు కాగితాలు పెట్టుకోండి. జిమ్‌కి వెళ్ళే కొడుక్కి, బీపీ మాత్ర వేసుకునే తండ్రికి ఒకే జవాబు రాదు.

2. ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

ముందువైపు రాసినదేదీ లెక్కలోకి తీసుకోకండి. "కొలెస్ట్రాల్ లేదు" అని ఓట్స్ డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది. మొక్కల నుంచి వచ్చే ఏ గింజలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, మన బియ్యంలోనూ లేదు.

వెనకవైపు మొదట పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత రాయాలని నియమం. ఓట్స్ ప్యాకెట్‌లో ఒక్క "ఓట్స్" అనే ఉండాలి. మసాలా ఓట్స్ అయితే ఉప్పు, చక్కెర, రుచి పెంచే పొడులు కనిపిస్తాయి. ఈ పోలికకి మసాలా ఓట్స్ పనికిరావు. సాదా ఓట్స్‌లో సోడియం 100 గ్రాములకి పది మిల్లీగ్రాములు కూడా ఉండదు, మసాలా ఓట్స్‌లో అది వందల్లో ఉంటుంది. డాక్టరు ఓట్స్ తినమన్నారని మసాలా ప్యాకెట్లు కొనుక్కుని బీపీ తగ్గలేదని బాధపడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా మనసు కష్టమవుతుంది. వాళ్ళు చెప్పిన మాట విన్నారు, ప్యాకెట్ వెనక చదవలేదు, అంతే.

బేకన్ జాబితాలో పంది మాంసం, నీరు, ఉప్పు, ఆ తర్వాత కొన్ని నంబర్లు ఉంటాయి. ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చే ఐఎన్ఎస్ నంబర్లు ఇవి. ఐఎన్ఎస్ 250 అంటే సోడియం నైట్రైట్. మాంసం గులాబీ రంగులో ఉండటానికీ, ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగకుండా ఉండటానికీ వేస్తారు. "నైట్రైట్ కలపలేదు" అని రాసి జాబితాలో సెలరీ అనే ఆకుకూర పొడి కనిపిస్తే పెద్ద తేడా ఏమీ లేదు, ఆ ఆకులో సహజంగా ఉన్న నైట్రేటే ఆ పని చేస్తుంది.

తర్వాత పోషకాల పట్టిక. ఇక్కడ మూడు చోట్ల పొరపాటు పడతారు.

మొదటిది, పట్టిక పచ్చి బేకన్‌కా, వేయించినదానికా? మన దగ్గర దొరికే ప్యాకెట్లలో దాదాపు ఎప్పుడూ పచ్చిదానికే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చాలావరకు వేయించినదానికి. ఈ రెంటినీ కలిపేస్తే లెక్క మూడు రెట్లు తప్పుతుంది.

రెండోది, శక్తి కిలోజౌల్స్‌లో ఉందా, కిలో క్యాలరీల్లో ఉందా? విదేశీ ప్యాకెట్ల మీద రెండూ ఉంటాయి. కిలోజౌల్స్‌ని 4.2తో భాగిస్తే క్యాలరీలు వస్తాయి.

మూడోది, సోడియం రాశారా, ఉప్పు రాశారా? మన దేశపు ప్యాకెట్ల మీద సోడియం ఉంటుంది, యూరప్ ప్యాకెట్ల మీద ఉప్పు. ఉప్పుని 2.5తో భాగిస్తే సోడియం. 3 గ్రాముల ఉప్పు అంటే 1,200 మి.గ్రా. సోడియం.

3. పచ్చిగా తూచండి

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. గాలికి చిన్న తూకాల్లో అంకె నిలవదు, 40కీ 43కీ మధ్య ఊగుతూ ఉంటుంది, మనం మనకి నచ్చిన అంకె రాసుకుంటాం. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, అప్పుడు ఓట్స్ పోయండి.

ఓట్స్ 40 గ్రాములు. అవలక్కిలా పల్చగా ఉండే రోల్డ్ ఓట్స్ అయితే కొలిచే కప్పుతో అరకప్పు. మీరు రోజూ వేసుకునేది ఇంతకంటే ఎక్కువైతే దాన్నే తూచండి, ప్యాకెట్ మీద రాసిన సర్వింగ్ కంపెనీవాళ్ళు అనుకున్నది మాత్రమే. బేకన్ మూడు స్లైసులు. పచ్చి బరువు స్లైస్ మందాన్ని బట్టి చాలా మారుతుంది. ఇక్కడ లెక్క కోసం మూడూ కలిపి 80 గ్రాములు అనుకుందాం.

పచ్చి బేకన్ పెట్టిన పళ్ళెం, కత్తి, చేతులు సబ్బుతో కడిగాకే వేరే పని చేయండి.

4. వండి మళ్ళీ తూచండి

ఓట్స్‌ని 250 మి.లీ. నీళ్ళలో ఉప్పు లేకుండా ఉడికించండి. దించాక తూస్తే 220 గ్రాముల చుట్టూ ఉంటుంది. పెరిగిందంతా నీరే, పోషకాలు 40 గ్రాములవే. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండితే ఇలా చేయండి: 120 గ్రాముల ఓట్స్ వండితే మొత్తం 660 గ్రాములు అయిందనుకోండి, మీరు 220 వడ్డించుకుంటే అది మూడో వంతు, అంటే 40 గ్రాముల ఓట్స్.

బేకన్‌ని చల్లటి పెనం మీదే పరిచి, సన్నటి మంట మీద మొదలుపెట్టండి. నూనె వేయొద్దు. కొద్దిసేపటికి అంచులు ముడుచుకుని, తెల్లటి కొవ్వు గాజులా పారదర్శకం అవుతుంది, చుట్టూ నెయ్యిలా కారుతుంది. రెండు వైపులా తిప్పుతూ బంగారు రంగు వచ్చాక తీయండి. నల్లగా మాడనివ్వకండి. నైట్రైట్ ఉన్న మాంసం ఎక్కువ వేడికి మాడితే నైట్రోసమైన్లు అనే హానికర పదార్థాలు పుడతాయి. అలాగని పచ్చిపచ్చిగానూ తినకూడదు.

ఇప్పుడు పెనంలో మిగిలిన కొవ్వుని, ఖాళీగా తూచి ఉంచుకున్న స్టీలు గ్లాసులోకి వంచండి. ఈ పని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో మొత్తం పోలికలో ముఖ్యమైనది ఇదే. గ్లాసులో 20 గ్రాముల పైనే ఉంటుంది. అంటే నాలుగైదు చెంచాల నూనె. చల్లారాక తెల్లగా గడ్డకడుతుంది, ఇంట్లో అందరికీ చూపించండి. స్లైసులు తూస్తే మూడూ కలిపి 24 గ్రాములు ఉంటాయి. మిగతా బరువు ఆవిరైన నీరు.

స్లైసులకి అంటుకున్న కొవ్వు తుడవడానికి టిష్యూ వాడండి, న్యూస్‌పేపర్ వద్దు. అచ్చు సిరా ఆహారానికి అంటుతుందని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పటి నుంచో హెచ్చరిస్తోంది. బజ్జీలకీ ఇదే వర్తిస్తుంది.

5. లెక్క కట్టండి

ఓట్స్‌కి సూత్రం ఒక్కటే: పట్టికలో 100 గ్రాములకి ఉన్న అంకె × 40 ÷ 100. ఎండు బరువునే తీసుకోవాలి.

బేకన్‌కి మూడు చిన్న లెక్కలు. ప్రోటీన్ పెద్దగా కారిపోదు కాబట్టి పచ్చి బరువుతో కట్టండి. 100 గ్రాములకి 12 ఉంటే 80కి 9.6. సోడియం కూడా అలాగే, కారిన కొవ్వుతో పోయేది కొద్దిగానే. కొవ్వు మాత్రం పచ్చి లెక్కలోంచి గ్లాసులో పడినంత తీసేయాలి. 100 గ్రాములకి 39 ఉంటే 80కి సుమారు 31, గ్లాసులో 21 పడితే మీరు తిన్నది 10. క్యాలరీలు కావాలంటే ప్రోటీన్ గ్రాములు × 4, కొవ్వు గ్రాములు × 9, రెండూ కలపండి.

ఇలా కడితే కాగితం మీద ఇంచుమించు ఈ అంకెలు వస్తాయి. మీ ప్యాకెట్‌ని బట్టి కొంచెం మారతాయి.

ఓట్స్, 40 గ్రా. ఎండు బరువు: 150 క్యాలరీలు, ప్రోటీన్ 5 గ్రా., కొవ్వు 2.6 గ్రా., అందులో సంతృప్త కొవ్వు (సాచురేటెడ్ ఫ్యాట్) అర గ్రాము లోపు, పిండి పదార్థం 27 గ్రా., పీచు 4 గ్రా., సోడియం 2 మి.గ్రా.

బేకన్, మూడు స్లైసులు, వేగాక 24 గ్రా.: 130 క్యాలరీలు, ప్రోటీన్ 9 గ్రాముల పైన, కొవ్వు 10 గ్రా., అందులో సంతృప్త కొవ్వు 3 గ్రాముల పైన, పిండి పదార్థం దాదాపు లేదు, పీచు సున్నా, సోడియం 400 నుంచి 550 మి.గ్రా.

క్యాలరీలు దాదాపు సమానంగా వచ్చాయి చూశారా. బేకన్ అంటే క్యాలరీల కుప్ప అనీ, ఓట్స్ అంటే గాలిలా తేలిక అనీ అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి మళ్ళీ కూడతారు. కూడండి, అంతే వస్తుంది. తేడా ఉన్నది క్యాలరీల్లో కాదు. ఒకదానిలో పీచు ఉంది, ఒకదానిలో లేదు. ఒకదానిలో సోడియం లేదు, ఒకదానిలో వందల్లో ఉంది. ప్రోటీన్ బేకన్‌లో ఎక్కువ, ఒప్పుకోవాల్సిందే. పైగా అందులో ప్రోటీన్‌కి ఇటుకల్లాంటి అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ ఉంటాయి, ఓట్స్‌లో లేని బి12 కూడా ఉంది. ఓట్స్ ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పాలో పప్పో పక్కన ఉంటే ఆ లోటు తీరుతుంది. ఇనుము, మెగ్నీషియం ఓట్స్‌లో ఎక్కువ. కానీ ఆ ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే మెరుగు, వెంటనే టీ తాగితే ఉన్నదీ తగ్గుతుంది.

అదే కొవ్వులో గుడ్డు వేయించుకుంటే? అప్పుడు గ్లాసులో తీసేసిన లెక్క చెల్లదు. 21 గ్రాముల కొవ్వు అంటే 189 క్యాలరీలు, మళ్ళీ పళ్ళెంలోకి వచ్చేస్తాయి. 130 కాస్తా 320 అవుతుంది.

6. రోజు మొత్తంలో ఎంత భాగమో చూడండి

విడిగా 500 మి.గ్రా. సోడియం అంటే ఎవరికీ ఏమీ తోచదు. రోజుకి 2,000 మి.గ్రా. మించకూడదు, అంటే 5 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన లేబుళ్ళ మీద శాతాలు కట్టేదీ ఈ అంకెతోనే. మూడు స్లైసులతో నాలుగో వంతు అయిపోయింది. ఇంకా మధ్యాహ్నం ఆవకాయ ఉంది, అప్పడం ఉంది, ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన ఎండు చేపల ఇగురు ఉంది. బేకన్ తినే రోజు ఎండు చేప, ఊరగాయ ఆపేయండి. రెండూ ఉప్పుతో నిలవ చేసినవే.

సంతృప్త కొవ్వు 2,000 క్యాలరీల ఆహారానికి రోజుకి 22 గ్రాములు దాటకూడదు, బేకన్‌తో ఏడో వంతు అయింది. ప్రోటీన్ పెద్దలకి కిలో శరీర బరువుకి 0.83 గ్రాములని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 60 కిలోల మనిషికి 50 గ్రాములు.

7. పళ్ళెంలో మిగతావి కలపండి

ఉత్త ఓట్స్ ఎవరూ తినరు, ఉత్త బేకన్ కూడా అంతే. అందుకే ఈ మెట్టు ఎక్కకుండా నిర్ణయానికి రాకండి.

ఓట్స్‌లో 200 మి.లీ. టోన్డ్ పాలు పోస్తే మరో 120 క్యాలరీలు, 6 గ్రాముల ప్రోటీన్. అంటే ఓట్స్, పాలు కలిపి 11 గ్రాముల ప్రోటీన్, బేకన్ మూడు స్లైసుల్ని దాటేసింది. ఆ కుర్రాడికి నేను చూపించింది ఈ లెక్కే. రెండు చెంచాల చక్కెర వేస్తే 40 క్యాలరీలు. తేనె వేసినా చక్కెర కిందే లెక్క, "నేచురల్" అని వదిలేయకండి.

మన ఇళ్ళలో ఎక్కువగా చేసేది ఓట్స్ ఉప్మా. దీన్ని జాగ్రత్తగా తూచండి. పోపుకి రెండు టేబుల్ స్పూన్ల నూనె పోస్తే 240 క్యాలరీలు, ఓట్స్ కంటే ఎక్కువ. ఉప్పు ఒక మనిషికి పావు టీస్పూన్ పడితే 500 మి.గ్రా. పైన సోడియం, అంటే మూడు బేకన్ స్లైసులకి సమానం. అలవాటు కొద్దీ చేత్తో వేసే ఉప్పుని ఒక్కసారి తూకం మీద వేసి చూడండి. బీపీ ఉన్న ఇంట్లో "బేకన్ చెడ్డది, మేం ఓట్స్ ఉప్మా తింటున్నాం" అన్న ధీమా ఇక్కడ నిలవదు. నూనె రెండు చిన్న చెంచాలకి, ఉప్పు సగానికి తగ్గించి, ఉల్లి, క్యారెట్, బీన్స్ ఓట్స్ అంత పరిమాణంలో వేసి, దించాక నిమ్మకాయ పిండండి. ఉప్పు తగ్గిన సంగతి పులుపు తెలియనివ్వదు.

బేకన్ వైపు రెండు బ్రెడ్ ముక్కలకి 140 క్యాలరీలు, 10 గ్రాముల వెన్నకి 75, గుడ్డుకి మరో 75. బ్రెడ్‌లోనూ వెన్నలోనూ ఉప్పు ఉంటుంది, లేబుల్ చూసి సోడియం వరసలో కలపండి.

8. అంకెలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోండి

ప్రోటీన్ × 4, పిండి పదార్థం × 4, కొవ్వు × 9 కూడితే ప్యాకెట్ మీది క్యాలరీలకి దగ్గరగా రావాలి. ఓట్స్ 100 గ్రాములకి ప్రోటీన్ 13, పిండి పదార్థం 68, కొవ్వు 6.5 అయితే 382 వస్తుంది, ప్యాకెట్ మీద 380 చుట్టూ ఉంటుంది. పీచుని విడిగా లెక్కకట్టే కంపెనీల్లో పది ఇరవై తేడా ఉండొచ్చు. అంతకంటే ఎక్కువ తేడా వస్తే మీరు సర్వింగ్ వరసలోని అంకెని 100 గ్రాముల వరసలోదనుకుని చదివి ఉంటారు.

బేకన్‌కి ఇంకో పరీక్ష. పచ్చి 80 గ్రాముల క్యాలరీల్లోంచి వేయించినవి తీసేసి, మిగిలినదాన్ని 9తో భాగించండి. గ్లాసులో పడిన కొవ్వు బరువుకి దగ్గరగా రావాలి. పచ్చిది 320, వేగింది 130 అయితే తేడా 190, భాగిస్తే 21. రాకపోతే పెనానికి అంటుకున్నది తూచలేదన్నమాట.

ఒంట్లో ఫలితం చూసుకోవాలంటే కొంచెం ఓపిక కావాలి. షుగర్ ఉన్నవాళ్ళు మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూడండి. ఓట్స్ ఒక రోజు, బేకన్ గుడ్డు ఇంకో రోజు, అదే సమయానికి, అంతే నడకతో. బేకన్ తిన్న రోజు రీడింగ్ తక్కువ రావచ్చు, అందులో పిండి పదార్థమే లేదు కదా. అది చూసి బేకనే మందు అనుకోకండి. సోడియం, సంతృప్త కొవ్వు చేసే పని గ్లూకోమీటర్‌లో కనపడదు. ఓట్స్‌తో రీడింగ్ ఎక్కువ వస్తే ముందు రకం మార్చి చూడండి. నీళ్ళు పోయగానే అయిపోయే ఇన్‌స్టంట్ ఓట్స్ షుగర్‌ని త్వరగా పెంచుతాయి. రోల్డ్, అంతకంటే ముతకగా ఉండే స్టీల్ కట్ ఓట్స్ నెమ్మదిగా.

కొలెస్ట్రాల్ కోసం తినేవాళ్ళకి ఒక మాట. ఓట్స్‌లో ఆ పని చేసేది బీటా గ్లూకాన్ అనే పీచు. రోజుకి 3 గ్రాములు అందాలి. ఎండు ఓట్స్‌లో అది 4 శాతం వరకు ఉంటుంది, అంటే సుమారు 75 గ్రాముల ఓట్స్. ఒక గిన్నెడుతో సగమే అందుతుంది. వారానికి రెండుసార్లు ఓట్స్ తిని లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) మారలేదంటే తప్పు ఓట్స్‌ది కాదు. రోజూ తిని, రెండు మూడు నెలల తర్వాత పరీక్ష చేయించుకోండి. మాత్రలు మానేయమని మాత్రం కాదు. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది, ఓట్స్‌ని పది గ్రాముల చొప్పున పెంచుతూ నీళ్ళు బాగా తాగండి.

బేకన్ ఎంత తినొచ్చు?

బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన (ఉప్పు, నైట్రైట్ లాంటివి వేసి నిలవ చేసిన) మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజుకి 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ అంచనా. పొగాకు కూడా అదే వర్గంలో ఉంది కాబట్టి రెండూ సమానం అనుకోకూడదు. ఆ వర్గం రుజువు ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో కాదు. అయినా నేను రోజువారీ టిఫిన్‌గా బేకన్‌ని ఎవరికీ చెప్పను. ఎప్పుడైనా ఒకసారి రెండు స్లైసులు, కొవ్వు వంచేసి, ఆ రోజు ఊరగాయ లేకుండా తినండి. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే. కిడ్నీ జబ్బు ఉంటే ఓట్స్ గురించి కూడా అడగాలి, వాటిలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది. గోధుమ పడనివాళ్ళు, గోధుమతో కలవలేదని రాసిన ఓట్స్ మాత్రమే కొనాలి.

రెండూ వద్దనుకుంటే

పంది మాంసం తినని ఇళ్ళు మన దగ్గర ఎక్కువే. ఓట్స్ నోటికి ఎక్కనివాళ్ళూ చాలామంది. ఇదే కాగితం మీద మూడో వరస గీసి పెసరట్టు లెక్క కట్టండి. 40 గ్రాముల పొట్టు పెసలలో 9 గ్రాముల ప్రోటీన్, 6 గ్రాముల పైన పీచు, 120 క్యాలరీల లోపు. మూడు బేకన్ స్లైసుల ప్రోటీన్, ఓట్స్‌ని మించిన పీచు ఒకేచోట ఉన్నాయి. నూనె ఒక చిన్న చెంచా, మరో 45 క్యాలరీలు. ఎంవీపీ కాలనీ రైతుబజార్‌కో పూర్ణా మార్కెట్‌కో వెళ్ళినప్పుడు పెసలతో పాటు చోళ్ళు (రాగులు) కూడా తెచ్చుకోండి. 40 గ్రాముల చోడి పిండితో అంబలి కాస్తే ప్రోటీన్ 3 గ్రాములే కానీ, పీచు 4 గ్రాముల పైన, కాల్షియం 145 మి.గ్రా. వరకు వస్తాయి. ఓట్స్‌లో కాల్షియం దీనిలో ఆరో వంతు కూడా లేదు. అంబలిలో మజ్జిగ కలుపుకుంటే ప్రోటీన్ కొంత పెరుగుతుంది, ఉప్పు చూసుకుని వేయండి.

చికెన్ బేకన్ గురించి కూడా అడుగుతుంటారు. అందులో కొవ్వు సాధారణంగా తక్కువే, కానీ సోడియం, ఐఎన్ఎస్ 250 అలాగే ఉంటాయి. దాన్నీ ప్రాసెస్ చేసిన మాంసం కిందే లెక్కించండి. రెండో మెట్టు నుంచి ఎనిమిదో మెట్టు దాకా అదే పద్ధతి, ఒక్క గ్లాసులో పడే కొవ్వు మాత్రం చాలా తక్కువ ఉంటుంది.